వెనక చూసే పని

రొట్టెల ఫ్యాక్టరీ వ్యాను వెనక్కి తీయాల్సి వచ్చినప్పుడల్లా మన డ్రైవరుగారు చేసే హంగామా చూసి తీరాలి. ముందు ఎడమ అద్దం, తర్వాత కుడి అద్దం, తర్వాత మెడ పూర్తిగా తిప్పి ఓ చూపు. అదీ చాలక బండి దిగి, చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వంగి చక్రాల కింద కూడా చూసి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ మొదటి అద్దం దగ్గర్నుంచి మొదలు. వెనకున్న బళ్ళవాళ్ళు తల పట్టుకుంటారు. "ఏం డ్రైవరుగారూ, వెనక దెయ్యమేమైనా కనిపిస్తోందా?" అని తోటివాళ్ళు ఆటపట్టిస్తారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. దెయ్యమైతే ఎంత బాగుండేది, ఒక దణ్ణం పెట్టి పారిపోయేవాడు!

లైసెన్సు వచ్చిన రోజున కూడా మనిషిలో ఉలుకూ పలుకూ లేదు. ఎవరికీ మిఠాయి ముక్క పెట్టలేదు, ఆ కార్డు ఫోటో తీసి ఎవరికీ పంపలేదు. పిసినారేమో అనుకునేరు, కానే కాదు, చేతికి ఎముక లేని మనిషి. అసలు కారణం తెలియాలంటే ఆయన లైసెన్సు లేని డ్రైవరుగా తిరిగిన రోజుల్లోకి వెళ్ళాలి.

సొంత దేశంలో ఆయన లారీ డ్రైవరు. అలాంటి ఇలాంటి డ్రైవరా! పది చక్రాల బండిని, పక్కన సైకిలు కూడా పట్టని సందులోకి, గోడకి గీత పడకుండా వెనక్కి దూర్చేవాడు. జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవాళ్ళు. అయితే అందులో సగం ఘనత క్లీనరుది. లారీ మీద బతికినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు: ముందు చూసే పని డ్రైవరుది, వెనక చూసే పని క్లీనరుది. వాడు వెనక నిలబడి "రా, రా, రానీ" అంటుంటాడు. ఏదైనా అడ్డొస్తే "హోల్డ్!" అని గావుకేక పెడతాడు. ఆ కేక వినపడనంత సేపూ చోటున్నట్టే లెక్క. ఇక డ్రైవరు వెనక్కి చూసేదేముంది, చెవులతో నడిపేస్తాడు. ఆయన లారీకి ఒక పక్క అద్దం పగిలి ఏళ్ళు గడిచినా, బాగు చేయిద్దామన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు.

ఈ దేశానికి ముందు ఆయనొక్కడే వచ్చాడు, రొట్టెల ఫ్యాక్టరీలో ట్రేలు ఎత్తే పనికి. కొన్నాళ్ళకి భార్యని తెచ్చుకున్నాడు. ఆవిడకి ఒక పెద్ద లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని దొరికింది, రోజంతా నిలబడి చేసే పని. ఫ్యాక్టరీలో మనవాళ్ళు నలుగురున్నారు. భోజనాల వేళ ఆయన లారీ కబుర్లు విని విని "డ్రైవరుగారు" అని పేరు పెట్టేశారు. పాపం, బండి లేని డ్రైవరు. పాత లైసెన్సు ఇక్కడ చెల్లదని తేల్చి చెప్పేశారు. "కొత్తది తెచ్చుకో, రొట్టెలు తీసుకెళ్ళే వ్యాను నీకే ఇస్తాను" అన్నాడు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. ఆ మాట పట్టుకుని ఆయన గాల్లో తేలిపోయాడు. లైసెన్సంటే ఏముంది, కళ్ళు మూసుకుని తెచ్చుకుంటాననుకున్నాడు.

వాళ్ళుండేది ఒక రెండంతస్తుల ఇంటి పై వాటాలో. కింద వాటాలో ఇంటావిడ. ఏళ్ళ తరబడి మిషను కుట్టి, దగ్గరి చూపు మందగించాక మానేసిన పెద్దావిడ, భర్త పోయాడు. పై వాటాకి బయట నుంచి చెక్కమెట్లు. అందులో నడిమి మెట్టొకటి కాలు వేస్తే ఊగేది. "వడ్రంగిని పిలవాలి, పిలవాలి" అని ఆవిడ రోజూ అనుకునేది, రోజూ మర్చిపోయేది. భర్త కారు పెరట్లో ఖాళీగా పడుంటే, "దాంతో నేర్చుకో అబ్బాయ్, పక్కన నేను కూర్చుంటాలే" అని ఆవిడే ముందుకొచ్చింది. ఇక్కడి పద్ధతి ప్రకారం నేర్చుకునేవాడి పక్కన లైసెన్సున్న మనిషి ఉండి తీరాలి. తాళం కూడా ఆయన దగ్గరే ఉంచింది, చలికి బండి మొరాయించకుండా అప్పుడప్పుడు ఇంజను వేడి చేయమని. "వేడి చేయడం వరకే. నేను పక్కన లేకుండా ఒక్క అంగుళం కదిలించావంటే ఊరుకోను" అని వేలు చూపించి మరీ చెప్పింది.

మొదటి పరీక్షలో ఆయన తప్పాడు. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే చెప్పాడు. "ముందుకి నీ అంత బాగా నడిపినవాణ్ణి ఈమధ్య చూడలేదు. కానీ వెనక్కి వెళ్ళేటప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు." ఆయనకి తల కొట్టేసినట్టైంది. ఇంటికొచ్చి చెప్పులు విసిరేసి, భార్య మీద చిందులు తొక్కాడు. "వీడా నాకు చెప్పేది! నేను ముందు చూడాలా, వెనక చూడాలా? మనిషికి మొహం ఒక పక్కే కదా ఉండేది!"

ఆవిడకి నవ్వాగలేదు. "మరి వెనక చూసే మనిషిని పెట్టుకోండి."

"పెట్టుకుంటా. నువ్వే. ఇవాళ్టి నుంచి నా క్లీనరువి నువ్వే పో."

సరదాగా అన్న మాట నిజమై కూర్చుంది. పెరట్లో రెండు ప్లాస్టిక్ బకెట్లు బోర్లించి, వాటి మధ్యలోకి కారు వెనక్కి దూర్చడం సాధన. ఆవిడకి "రా, రా, రానీ" నేర్పాడు, "హోల్డ్" నేర్పాడు. "నువ్వు హోల్డ్ అని అరవకపోతే నేను వస్తూనే ఉంటా, గుర్తుంచుకో" అన్నాడు.

"మరి మీరు చూడరా?"

"చూస్తాలేవే!" అని కసిరాడు.

ఒక మధ్యాహ్నం ఇంటావిడ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రెండో పరీక్షకి తారీఖు దొరకాలి, దొరికేలోపు చెయ్యి తిరగాలి. "ఇంజను ఎలాగూ వేడి చేయాలి కదా, పనిలో పని నాలుగుసార్లు వెనక్కి తీద్దాం, పెరట్లోనే కదా, ఎవరు చూడొచ్చారు" అన్నాడాయన. భార్య సందేహించింది. "ఆవిడొచ్చాక చేద్దామండీ" అంది. ఆయన అప్పటికే సీట్లో కూర్చుని కిటికీ అద్దాలు పైకెత్తేశాడు, చలికి. ఆవిడ శాలువా చెవుల మీదకి లాక్కుని వెనక నిలబడింది.

కారు వెనక్కి రాసాగింది. "రా, రా, రానీ" అన్న గొంతు అద్దాల్లోంచి సన్నగా వినపడుతోంది. ఇంతలో గాలి విసిరి ఒక బకెట్టు దొర్లిపోయింది. ఆవిడ "రా" అనడం ఆపేసి, బకెట్టు నిలబెడదామని వంగింది. గొంతు ఆగిపోయింది, కానీ కేక పడలేదు. లారీ సీటు మీద అరిగిన బుర్ర కదా, కేక లేదంటే చోటుందన్నమాటే అనుకుంది. కారు వస్తూనే ఉంది. వెనక ఏదో మెత్తగా తగిలింది. బకెట్టేలే అనుకుని ఆయన ఇంకాస్త నొక్కాడు. చక్రం దేని మీదకో ఎక్కింది, అప్పుడు పడింది కేక. అది "హోల్డ్" కాదు, "అమ్మా!" అన్న కేక.

కారు ముందుకి తీసి, పరుగున దిగి వెళ్ళేసరికి ఆవిడ పక్కకి ఒరిగి పడి ఉంది. పాదం తిరగకూడని వైపు తిరిగి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆవిడే పళ్ళ బిగువున, "ముందు కారు దాని చోట పెట్టండి, టాక్సీ పిలవండి" అంది. పెట్టాడు, పిలిచాడు. దారి పొడుగునా ఆవిడ తల తన భుజానికి ఆనించుకుని "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉన్నాడు. ఆ మాట తనకి చెప్పుకున్నాడో ఆవిడకి చెప్పాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి, ఆవిడ మొహంలోకి చూసి అడిగింది, "ఎలా జరిగింది?" అని. భార్య పెదవులు కదలబోయాయి. ఈలోపే ఆయన అందుకున్నాడు. "ఆవిడకి ఇక్కడి భాష సరిగ్గా రాదండీ, నేను చెప్తాను. మెట్ల మీద కాలు జారింది." ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆయనకే తెలియదు. ముందు అనుకున్నది కాదు. వేడి గిన్నె తగిలిన చెయ్యి వెనక్కి వచ్చినట్టు, దానంతటదే వచ్చేసింది. డాక్టరమ్మ తలూపి ఎముక చూడటంలో పడిపోయింది. భార్య కళ్ళు మూసుకుంది.

కట్టు కట్టించుకుని తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో గొంతు తగ్గించి నచ్చజెప్పాడు. "కారని చెబితే నేర్చుకునే పర్మిట్ ఊడుతుంది. వ్యానూ పోతుంది. పైగా కారు ఇంటావిడది, లేనిపోని గొడవల్లో ఆవిణ్ణి ఇరికించినవాళ్ళమవుతాం. కొన్నాళ్ళు ఓపిక పట్టు. పరీక్ష గట్టెక్కగానే నేనే అందరికీ చెప్పేస్తా. సరేనా?"

ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "మీ ఇష్టం" అంది.

పెళ్ళాం నోటి వెంట "మీ ఇష్టం" అని వినని మొగుడుండడు, దాని అర్థం తెలియని మొగుడూ ఉండడు. తిట్టినా బాగుండేది. ఆయన మిగతా దారంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటి ముందు టాక్సీ ఆగేసరికి ఇంటావిడ వాకిట్లోనే ఉంది. కట్టు చూసి గుండెలు బాదుకుంది. "అయ్యో, ఏమైంది?" భార్య తలెత్తింది. మళ్ళీ ఆయనే, "మెట్ల మీద జారిందండీ."

ఇంటావిడ మొహం పాలిపోయింది. "ఆ ఊగే మెట్టేనా?"

కాదని చెప్పడానికి అక్కడ బోలెడంత చోటుంది. పై మెట్టనొచ్చు, కింది మెట్టనొచ్చు, చెప్పు జారిందనొచ్చు. "ఆ, అదే" అన్నాడు. ఇంటావిడ మెట్ల కేసి చూస్తూ అలాగే నిలబడిపోయింది. "నేనే. వడ్రంగిని పిలుస్తా పిలుస్తా అని... నేనే కదమ్మా నీ కాలు విరగ్గొట్టింది" అని భార్య చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. భార్య ఆవిడ చెయ్యి నిమిరింది గానీ నోరు విప్పలేదు. డ్రైవరుగారికి అక్కడికక్కడ భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. పోలేదుగా, మెట్లెక్కి పైకి వెళ్ళాడు, భార్యని ఎత్తుకుని, ఆ ఊగే మెట్టు మీద జాగ్రత్తగా కాలు పెట్టి మరీ.

అప్పట్నుంచి మొదలైంది అసలు బాధ. తిట్లు పడితే ఎలాగో భరించేవాడు, పొగడ్తలు పడ్డాయి. వంట ఆయనే, అంట్లు ఆయనే, ఆవిడకి తల దువ్వి జడ వేయడం కూడా ఆయనే. మొదటి రోజుల్లో వేసిన జడలు చూస్తే ఎవరికైనా జాలేసేది. ఫ్యాక్టరీలో ఆ కబురు పాకింది. "మా ఆయనకి మీరు నాలుగు పాఠాలు చెప్పాలి డ్రైవరుగారూ" అందొక ఆవిడ. మెచ్చుకోలు విన్నప్పుడల్లా ఆయనకి గొంతులో వెలక్కాయ అడ్డం పడేది. మింగుడుపడదు, కక్కడానికీ లేదు.

భార్య అక్క ఫోను చేసింది. మాట్లాడటానికి ఆవిడ చెయ్యి చాచేలోపే ఆయన ఫోను అందుకుని సంగతంతా చెప్పేశాడు, మెట్టుతో సహా. ఆ తర్వాత స్పీకర్లోంచి అక్కగారి అక్షింతలు గది నిండా పడ్డాయి. "కళ్ళు నెత్తికెక్కాయటే నీకు? మెట్లు చూసుకుని దిగడం కూడా చేతకాదా? పాపం, మరిదిగారు ఫ్యాక్టరీలోనూ చాకిరీ చేసి, ఇంట్లోనూ నీకు చాకిరీ చెయ్యాలా? బంగారంలాంటి మనిషి దొరికాడు కాబట్టి సరిపోయింది."

"ఊఁ" అంది భార్య. "ఊఁ" అంటూనే ఆయన కేసి చూడకుండా దుప్పటి అంచు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. లాండ్రీ వాళ్ళు కూడా ఆవిణ్ణి నిలబడే పనిలోంచి తీసి, కోలుకున్నాక చూద్దాంలే అన్నారు. నొప్పి అని ఆవిడ ఒక్కనాడు అనలేదు. ఆయనే రోజూ అడిగేవాడు, "నొప్పిగా ఉందా?" అని. "పర్లేదు" అనేది. ఆ పర్లేదు విన్న పూట ఆయనకి అన్నం సయించేది కాదు.

ఇక కింద ఇంటావిడ సంగతి. మర్నాడే వడ్రంగిని పిలిపించి, ఊగే ఒక్క మెట్టునే కాదు, మొత్తం మెట్ల వరసనే పీకించి కొత్తవి వేయించింది. అటకెక్కి భర్త వాడిన చంకకర్రలు దింపింది. మిషను మూల నుంచి లాగి, మందగించిన కళ్ళతోనే వాటికి మెత్తటి గలేబులు కుట్టింది, భార్యకి చంకల్లో ఒరుసుకోకుండా. కుట్లు వంకరగా పడ్డాయి. "కళ్ళు కనపడక ఇలా కుట్టాను, ఏమీ అనుకోకమ్మా" అని అదో క్షమాపణ. ఆ కర్రలు టకటకమని చప్పుడు చేసినప్పుడల్లా ఆయనకి ప్రాణం చివుక్కుమనేది.

ఇంటావిడకో కూతురుంది, సెలవు రోజుల్లో వచ్చి చూసి వెళ్తుంటుంది. ఇల్లు అమ్మేసి పెద్దవాళ్ళుండే ఆశ్రమంలో చేరమని ఎప్పట్నుంచో పోరుతోంది. "నా కాళ్ళ మీద నేను నడుస్తున్నన్నాళ్ళు నా ఇల్లు నాది, నోర్మూసుకో" అని ఇంటావిడ ఒక్క కసురు కసిరేది. ఈసారి కూతురు వచ్చి "చూశావా? ఒక మెట్టు బాగు చేయించుకోలేకపోయావు. మనుషులు పడి కాళ్ళు విరగ్గొట్టుకుంటున్నారు. ఇవాళ ఆ అమ్మాయి, రేపు నువ్వు" అంటే, ఆవిడ తల వంచుకుని వింది. పైనుంచి డ్రైవరుగారు అంతా విన్నాడు. ఆ తర్వాత ఆవిడ పెరట్లో మొక్కల దగ్గరికి స్టూలు వేసుకుని ఎక్కడం మానేసింది. గుమ్మం గట్టు కూడా పక్కవాటుగా, గోడ పట్టుకుని దిగేది. మొన్న మొన్నటిదాకా తనకి వేలు చూపించి దబాయించిన మనిషే ఈవిడ.

కొన్నాళ్ళకి ఇళ్ళు అమ్మిపెట్టే ఒకతను టేపు పట్టుకుని వచ్చి గదులు కొలుచుకుని వెళ్ళాడు. ముందు గదిలో అట్టపెట్టెలు కనిపించసాగాయి. రెండో పరీక్ష తారీఖు దగ్గరపడింది. చెప్పెయ్యాలి, ఇవాళ చెప్పెయ్యాలి అని రోజూ కిందకి దిగేవాడు, "ఏమైనా కావాలా అమ్మా?" అని అడిగి పైకి ఎక్కేవాడు. పరీక్ష అయిపోనీ, ఆ వెంటనే కాళ్ళ మీద పడి చెప్పేస్తా అని తనకి తనే వాయిదాలు ఇచ్చుకున్నాడు. భార్యతో అంటే, "మీరు చెప్తానన్నారు కదా" అంది, అంతే.

పరీక్ష రోజు పొద్దున ఇంటావిడ మంచి కోటు వేసుకుని, చేతికర్ర పట్టుకుని సిద్ధమైంది. దారిలో, పక్క సీట్లోంచి, మామూలుగా అంది, "మా అమ్మాయి ఎప్పుడో ఆశ్రమానికి తీసుకెళ్తానంది. నేనే ఆపాను. అబ్బాయి పరీక్ష అయ్యేదాకా ఉంటా, వాడికి పక్కన కూర్చోవడానికి ఎవరున్నారు అన్నాను. ఈ వారంలో వెళ్ళిపోతాలే."



పరీక్షల మైదానంలో తెల్లగీతల మధ్య కారు ఆపాడు. ఇన్‌స్పెక్టరు ఇంకా రాలేదు. ఇంటావిడ తన వైపు కిటికీ అద్దం దించి, చెయ్యి బయట పెట్టి, కోటు జేబులోంచి రుమాలు తీసి పక్కద్దం తుడిచింది. ఆ కళ్ళకి ఆ మరకలు ఎలా కనిపించాయో ఏమో. "కిందటిసారి దీని దగ్గరే పోయింది నీకు. బాగా చూసుకో అబ్బాయ్. తొందరేం లేదు" అంది.

అంతే, ఆయన వల్ల కాలేదు. 

"అమ్మా, మెట్టు కాదు."

"ఏ మెట్టు?"

"మీ మెట్టు కాదమ్మా. తను మెట్ల మీద పడలేదు. మీరు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు నేను కారు తీశాను, పెరట్లో. తను వెనక ఉంది. నేను చూడలేదు. చక్రం తన కాలి మీదకెక్కింది. నేనే ఎక్కించాను. మెట్టని నేనే చెప్పాను, ఆసుపత్రిలో, మీకు, అందరికీ. మీ తప్పేం లేదు. పాపిష్టివాణ్ణి, మిమ్మల్ని ఇన్నాళ్ళు ఏడిపించాను." చెప్తూ చెప్తూ పిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆవిడ రుమాలు మడిచింది. తలుపు తీసుకుని దిగింది. చేతికర్ర ఊతంతో కారు వెనక్కి నడిచి, డిక్కీ మీద చెయ్యేసి చక్రం కేసి చూస్తూ నిలబడింది. ఇన్‌స్పెక్టరు కాగితాలతో వచ్చి ఆయన పేరు పిలిచాడు. "ఇవాళ వద్దండీ" అన్నాడు డ్రైవరుగారు, దిగుతూ. ఇన్‌స్పెక్టరు ఒకసారి ఆయన తడి మొహం, ఒకసారి పెద్దావిణ్ణి చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

"తాళం ఇలా ఇయ్యి" అంది ఇంటావిడ. "అటు జరుగు."

ఆవిడే నడిపింది, నెమ్మదిగా, గీత గీసినట్టు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ముందుకి చూస్తూనే అడిగింది. "ఆ పాత మెట్టు ఎవర్నీ పడెయ్యలేదన్నమాట."

"లేదమ్మా. ఊగేది, అంతే."

"ఆ మెట్టు కలలోకొస్తోంది నాకు" అంది ఆవిడ. గొంతులో కోపం బుసలు కొడుతోంది. "నా ఇంట్లో నేను గోడ పట్టుకుని నడుస్తున్నాను. తెలుసా నీకు?"

తెలుసు. అదే కదా ఆయన ఖర్మ, అన్నీ తెలుసు.

ఇంటికి రాగానే ముందు గదిలో అడ్డంగా ఉన్న అట్టపెట్టెని కాలితో పక్కకి తోసి, కూతురికి ఫోను చేసింది. "ఆ టేపువాణ్ణి మళ్ళీ రావద్దని చెప్పు. నేనెక్కడికీ రావట్లేదు. ఎందుకా? మెట్టు బాగానే ఉంది కాబట్టి!" ఫోను పెట్టేసి కర్ర అక్కడే వదిలేసి, బయట మెట్లెక్కసాగింది. కమ్మీ పట్టుకోలేదు. వెనక డ్రైవరుగారు, పడితే పట్టుకుందామని రెండు చేతులూ చాచి. ఆవిడ పడలేదు.

ఆ తర్వాత లైసెన్సు ఆఫీసుకి వెళ్ళి ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం, పర్మిట్ రద్దవడం, వ్యాను ఇంకొకరికి వెళ్ళిపోవడం, మళ్ళీ ఓనమాలు దిద్దుకోవడం, ఎప్పటికో పాసై వ్యాను చేతికి రావడం, ఇవన్నీ జరిగాయి. వాటిలో ఏదీ ఆయనకి శిక్షలా అనిపించలేదు. శిక్ష ఆ పూట పై గదిలో పడింది.

భార్య మంచం మీద కట్టు కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఇద్దర్నీ చూసి ఆశగా, "పాసయ్యారా?" అంది. ఇంటావిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. 

"అమ్మాయ్, మెట్టు మీద పడ్డానని నువ్వు కూడా నాతో అబద్ధం ఎందుకు చెప్పావు?"

భార్య మొగుడి కేసి చూసింది, ఆయన వాలిన తల చూసింది, అర్థం చేసుకుంది. "నేను చెప్పలేదండీ" అంది మెల్లగా, ఇక్కడి భాషలోనే, ఒక్కొక్క మాటే కూర్చుకుంటూ. "నన్ను చెప్పనివ్వలేదు."

"సరే, ఇప్పుడు చెప్పు. ఏం జరిగింది?"

"ఏం జరిగిందంటే అమ్మా" అని డ్రైవరుగారు నోరు తెరిచాడు, అలవాటు చొప్పున.

ఇంటావిడ అటు తిరగకుండానే చెయ్యెత్తింది. "నువ్వాగు."

ఆయన ఆగాడు. గుమ్మం దగ్గర, చంకకర్రల పక్కన నిలబడ్డాడు. భార్య కాసేపు దుప్పటి అంచు సర్దుకుని మొదలుపెట్టింది. చలి సంగతి చెప్పింది, బకెట్ల సంగతి చెప్పింది. ఇదంతా ఆయనకి తెలిసిన కథే. ఎన్నిసార్లు తనలో తను తిప్పి తిప్పి చూసుకున్నాడో. కానీ ఎప్పుడు చూసుకున్నా స్టీరింగు ముందు నుంచే చూసుకున్నాడు. కారు వెనక నిలబడి చూడలేదు.

"బకెట్టు గాలికి పడిపోయింది. లేపుదామనుకున్నాను. కారు వస్తోంది కదా, అందుకని వంగే ముందు చూశాను" అంది ఆవిడ. "పక్కద్దంలో ఈయన మొహం కనిపించింది. స్పష్టంగా కనిపించింది. ఈయన మొహం నాకు అంత బాగా కనిపిస్తోందంటే, నేనూ ఈయనకి కనిపిస్తున్నట్టే కదా అనుకున్నాను. నన్నే చూస్తున్నారనుకున్నాను. అందుకే భయపడకుండా వంగానండీ."

డ్రైవరుగారు గోడకి చేరబడ్డాడు. చంకకర్ర ఒకటి జారి కింద పడితే, వంగి తీసి, దాని వంకర కుట్ల గలేబు మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయాడు.

అప్పుడు భార్య ఆయన కేసి తిరిగింది. కాలు విరిగిన నాటి నుంచి ఒక్కసారి కూడా తడవని కళ్ళు నిండిపోయాయి.

"చాలా నొప్పెట్టిందండీ" అంది.